పెట్రోలు ట్యాంకు: ఒక తరపు బండిది మఱొక తరపు బండికి అమరునా?

చూచుటకు ఒకే తీరుగ నున్న వస్తువులు ఒకదానికి బదులు మఱొకటి పనికివచ్చునని తలంచుట మన కందఱకు సహజము. ఒక చెంబు మూత మఱొక చెంబునకు సరిపోవచ్చును. ఒక ఇంటి గొళ్లెము మఱొక ఇంటి తలుపునకు కుదురవచ్చును. యంత్రముల విషయమున ఈ తలంపు ఎంతవఱకు నిజమో, ఎచ్చట అపాయకరమో, మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకును ఉదాహరణముగ గొని ఈ వ్యాసమున విచారింతము.

ఇది మనకు దూరపు విషయము గాదు. తిరుపతి, చిత్తూరు పట్టణములలోను, వాని నడుమ నున్న ఊళ్లలోను బుల్లెట్టు, తండర్‌బర్డ్, అవెంజరు మొదలగు పెద్ద మోటారు సైకిళ్లపై మక్కువగల యువకులు పెక్కుమంది కలరు. తండ్రి కొన్న బండి కుమారుని చేతికి వచ్చుటయు కలదు. పాత ట్యాంకు సొట్టపడినను, అడుగున తుప్పుపట్టినను, దూర ప్రయాణములకు చాలనిదిగ దోచినను, యువకుని దృష్టి మఱొక తరపు బండి ట్యాంకుమీదికి పోవును. చెన్నపట్టణపు పుదుప్పేటలో పాత బండ్ల భాగములు అమ్ము అంగళ్లు వరుసగ నున్నవి. తిరుపతినుండి ప్రొద్దున బయలుదేరినవాడు సాయంకాలమునకు ఒక ట్యాంకును చంకన బెట్టుకొని తిరిగి రావచ్చును. తెచ్చిన పిమ్మట జరుగవలసినదే అసలు కథ.

ముందుగ ఈ బండ్ల వంశవృక్షమును గొంత తెలిసికొనుట మంచిది. రాయల్ ఎన్‌ఫీల్డు అను ఇంగ్లండు సంస్థ 1955లో మద్రాస్ మోటార్స్ వారితో గూడి మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థను స్థాపించెను. తిరువొత్తియూరులో బుల్లెట్టు తయారగుట అటులే ఆరంభమైనది. సీటు కొంచెము క్రిందికిని, కాళ్లు కొంచెము ముందునకును, హ్యాండిలు ఎత్తుగను ఉండి, దీర్ఘప్రయాణమునకు తగినట్లు కూర్చిన బండిని క్రూయిజరు అందురు. అట్టి రూపముతో ఆ సంస్థ 2002లో తండర్‌బర్డ్‌ను విడుదల చేసెను. బజాజ్ వారు 2001లో ఎలిమినేటరును, 2005లో అవెంజరును తెచ్చిరి. 2012లో తండర్‌బర్డ్ క్రొత్త రూపము దాల్చి 20 లీటర్ల ట్యాంకును పొందెను. 2020లో అది నిలిచిపోగా, దాని స్థానమున 15 లీటర్ల ట్యాంకుగల మీటియర్ 350 వచ్చెను. 2021లో వచ్చిన క్రొత్త క్లాసిక్ 350 ట్యాంకు 13 లీటర్లది. పేరు ఒకటే నిలిచినను, ఇరువది యేండ్లలో ఇంజనులు, చట్రములు, పెట్రోలును అందించు పద్ధతి, అన్నియు మాఱినవి. పైకి గనబడు కన్నీటిబొట్టు ఆకారము మాత్రము పెద్దగ మాఱలేదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

పెట్రోలు ట్యాంకు అనగా పెట్రోలు పోసికొను పాత్ర అని అందఱు అనుకొందురు. అది సగము నిజము. ఆ పాత్రనుండి ఇంజనునకు పెట్రోలు ఏ బలముతో పోవుచున్నదను ప్రశ్నలో మిగిలిన సగము కలదు. పాత బండ్లలో ట్యాంకు ఎత్తున నుండును, కార్బురేటరు క్రింద నుండును. నడుమ ఒక చిన్న కాక్, ఒక రబ్బరు పైపు. భూమ్యాకర్షణచేతనే పెట్రోలు క్రిందికి జాఱును. కార్బురేటరులోని బుడ్డిలో పెట్రోలు తగినంత నిండగానే ఒక తేలుడు బిళ్ల పైకి లేచి, సూదివంటి వాల్వుతో దారిని మూయును. ఇంటి మీది నీళ్ల తొట్టిలోని తేలుడు బంతి చేయు పనియే ఇది.

క్రొత్త బండ్లలో కార్బురేటరు లేదు. ఇంజెక్టరు అను సన్నని ముక్కు పెట్రోలును తుంపరగా చిమ్మును. దానికి గట్టి ఒత్తిడి కావలెను. అందుకొఱకు ట్యాంకు అడుగుననే విద్యుచ్ఛక్తితో నడుచు పంపును బిగింతురు. వాయుకాలుష్యమును తగ్గించుటకై 2020 ఏప్రిల్ 1నుండి అమలునకు వచ్చిన భారత్ స్టేజి 6 నిబంధనల తరువాత మన దేశపు ఇట్టి బండ్లలో ఈ పద్ధతియే స్థిరపడెను.

ఈ రెండు పద్ధతుల నడుమ గల భేదమును విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. ట్యాంకులోని పెట్రోలు మట్టము కార్బురేటరుకంటె 30 సెంటీమీటర్లు ఎత్తున నున్నదనుకొనుడు. ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. ద్రవమట్టపు ఎత్తు, సాంద్రత, గురుత్వ త్వరణము ఈ మూటిని గుణించిన ఒత్తిడి రమారమి 2 కిలోపాస్కలులు వచ్చును. అనగా వాతావరణపు ఒత్తిడిలో ఏబదవ వంతు మాత్రమే. ఇంజెక్టరునకు పంపు అందించు ఒత్తిడి ఇంచుమించు 300 కిలోపాస్కలులు. ఒకటి రెండవదానికి నూటికి పైగా రెట్లు! పంపు పెట్టిన ట్యాంకును తెచ్చి పాత కార్బురేటరు బండికి తగిలించి పంపును నడిపించినచో, ఆ సూది వాల్వు అంత ఒత్తిడిని ఆపజాలదు. పెట్రోలు పొంగి కాగుచున్న ఇంజనుపై గాఱును. దీనికి మాఱుగ, కాక్ మాత్రమే గల పాత ట్యాంకును క్రొత్త బండికి పెట్టినచో, ఇంజెక్టరునకు పెట్రోలు తుంపరయే కాదు. బండి కదలదు.

ఈ భేదము తరముల నడుమనే గాక ఒకే యేటి బండ్ల నడుమను ఉండవచ్చును. 2012నాటి తండర్‌బర్డ్ 350లో కార్బురేటరు ఉండెను, తండర్‌బర్డ్ 500లో ఇంజెక్టరు ఉండెను. రెంటి ట్యాంకులును 20 లీటర్లవే. ప్రక్కనుండి చూచినవానికి భేదము తెలియదు. తలక్రిందులు చేసి అడుగు చూచినపుడే ఒకదానికి కాక్ పట్టు చిన్న రంధ్రమును, మఱొకదానికి పంపు పట్టు పెద్ద రంధ్రమును కనబడును. కావున ట్యాంకు కొనబోవువాడు మొట్టమొదట చూడవలసినది దాని రంగు గాదు, దాని అడుగు.

అమెరికాలోని హార్లీ డేవిడ్‌సన్ స్పోర్ట్‌స్టర్ బండ్ల చరిత్రయు ఇదే పాఠమును జెప్పుచున్నది. 2004లో ఆ బండి ఇంజనును చట్రమునకు రబ్బరు దిమ్మెలపై అమర్చుట మొదలిడిరి. అందుచేత చట్రము మాఱి, ట్యాంకును బిగించు తీరును మాఱెను. 2007లో కార్బురేటరు పోయి ఇంజెక్టరు వచ్చెను. కావున 2003నాటి ట్యాంకు, 2005నాటి ట్యాంకు, 2008నాటి ట్యాంకు అన్నదమ్ములవలె గనబడినను మూడు వేర్వేఱు జాతులు. బండి సంవత్సరమును అడుగక ట్యాంకును అమ్ము వర్తకుని మాట నమ్మదగినది గాదను సంగతి అచ్చటివారికిని అనుభవమువలననే తెలిసినది.

ఇక ట్యాంకును మార్చదలచినవాడు చేయవలసిన పరీక్షలను వరుసగ జెప్పుదము.

మొదటిది పట్టు. ట్యాంకు అడుగున నడిమి భాగము గుఱ్ఱపు జీనువలె పైకి వంగియుండును. చట్రపు వెన్నెముక గొట్టము ఆ సందులో నిముడును. తండర్‌బర్డ్ చట్రము ఒక రీతిది, మీటియర్ చట్రము మఱొక రీతిది. సందు ఇఱుకైనచో ట్యాంకు కూర్చుండదు. వెడల్పైనచో కదలుచుండును. కదలెడు ట్యాంకు ఇనుప గొట్టమునకు రాచుకొని కొన్ని మాసములలో చిల్లుపడును. ముందు రబ్బరు బుష్షులును, వెనుక బోల్టును తమ స్థానములలో సుఖముగ కూర్చుండవలెను. సుత్తితో గొట్టి కూర్చుండబెట్టినది కూర్చున్నట్లు గాదు. తరువాత హ్యాండిలును ఎడమకు గుడికి పూర్తిగ త్రిప్పి చూడవలెను. అది ట్యాంకునకు తగిలినను, చేతి బొటనవ్రేలు నడుమ నలిగినను, ఆ ట్యాంకు ఆ బండిది గాదు.

రెండవది దారి. పెట్రోలు ఏ ప్రక్కనుండి దిగుచున్నది, పైపు ఎంత పొడవు, అది పొగగొట్టమునకు గాని ఇంజను తలకు గాని దగ్గఱగ పోవుచున్నదా అని చూడవలెను. జీను ఆకారమువలన ట్యాంకు అడుగున రెండు జేబు లేర్పడును. రంధ్రము ఒక జేబులోనే యున్నచో, పెట్రోలు తగ్గినపుడు రెండవ జేబులోనిది అచ్చటనే చిక్కుపడును. ఇది మన ప్రాంతమున మిక్కిలి గమనింపదగినది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడెను. నేడు కొండ నెక్కువారు రెండవదానిని, దిగువారు మొదటిదానిని ఉపయోగింతురు. కొండ నెక్కునపుడు పెట్రోలు ట్యాంకు వెనుకకు జేరును, దిగునపుడు ముందునకు జేరును. రంధ్రము వెనుక నున్న ట్యాంకులో పెట్రోలు కొంచెమే యున్నచో, దిగుడులో ఆ రంధ్రము బయటపడి ఇంజను ఆగవచ్చును. మదనపల్లె సమీపమున 1,265 మీటర్ల ఎత్తుననున్న హార్స్‌లీ కొండల మలుపులలోను ఇంతే. సమతలమున చక్కగ నడచిన బండి వంపులో మొండికేయుటకు కారణ మిదియే కావచ్చును.

మూడవది కొలత. పాత కాక్‌లలో రిజర్వు అను స్థానముండెను. పెట్రోలు అయిపోవచ్చినపుడు దానిని త్రిప్పిన మఱికొంత దూరము పోవ వీలగును. ఇది కాక్‌లోని నిలువు గొట్టపు ఎత్తునుబట్టి యుండును. వేఱొక ట్యాంకునకు అదే కాక్‌ను పెట్టినచో రిజర్వు ఎంత మిగులునో చెప్పలేము. ఇంజెక్టరు బండిలో రిజర్వు కాక్ లేదు, మీటరే దిక్కు. ట్యాంకులోని తేలుడు బిళ్ల పైకి క్రిందికి కదలుచు విద్యుత్తు నిరోధమును మార్చగా, ఆ మార్పును మీటరు చూపును. ఒక తరపు బిళ్లకు మఱొక తరపు మీటరు జత కుదురనిచో, ఖాళీ ట్యాంకు సగము నిండినట్లు కనబడవచ్చును. అబద్ధమాడు మీటరుకంటె మీటరు లేకుండుటయే మేలు.

నాలుగవది ఊపిరి. ట్యాంకులోనుండి పెట్రోలు దిగినకొలది దాని స్థానమున గాలి జొరబడవలెను. లేనిచో లోపల శూన్య మేర్పడి పెట్రోలు దిగుట మానును. నిండు సీసాను బోర్లించినపుడు నీరు గుటగుటలాడుచు ఆగి ఆగి వచ్చుట మీరు చూచియే యుందురు. పాత ట్యాంకు మూతలోనే గాలి రంధ్ర ముండెను. క్రొత్త బండ్లలో పెట్రోలు ఆవిరి గాలిలో గలియకుండ, ఒక సన్నని గొట్టముద్వారా బొగ్గు నింపిన డబ్బాలోనికి పంపి, పిమ్మట ఇంజనులో మండింతురు. ఆ గొట్టము పనికిరానిదని మూసివేసినచో బండి కొంత దూరము పోయి ఆగును. తెఱచి వదలినచో ఆవిరి వేడి ఇంజను చుట్టు తిరుగాడును. రెండును తగవు.

ఐదవది ఆరోగ్యము. ఎండకు వానకు పడియున్న పాత ట్యాంకు లోపల తుప్పు, పాత పెట్రోలు జిగట చేరియుండును. సొట్టలను లప్పముతో పూడ్చి పైన రంగు వేసినచో కంటికి దొరకవు. ఒక చిన్న అయస్కాంతమును పైన జరిపి చూచినచో నిజము బయటపడును. ఇనుప రేకుపై అది గట్టిగ నంటుకొనును, దట్టమైన లప్పముపై జాఱిపోవును. దీనికి తోడు నేటి పెట్రోలు పాత పెట్రోలు గాదు. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపుట జరిగినది. చిత్తూరు సీమ రైతు పండించు చెఱకువంటి పంటలనుండియే ఎథనాలు పుట్టును. అది తేమను పీల్చు గుణము గలది. నీరు హెచ్చినచో ఎథనాలు నీటితో గలిసి పెట్రోలునుండి విడివడి అడుగునకు దిగును. పంపు నోరు ఉన్నదియు అడుగుననే. అంతియేగాక పాత కాలపు రబ్బరు పైపులు, వలయములు కొన్ని ఎథనాలుచే మెత్తబడి చిట్లును. కావున పాత ట్యాంకును అమర్చునపుడు పాత పైపును మరల వాడరాదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. తల్లిదండ్రులును ఈ భాగమును శ్రద్ధగ జదువ గోరుచున్నాను. ఒక తరపు ట్యాంకు మఱొక బండికి సరిపోనపుడు, దాని పట్టీని కోసి క్రొత్త పట్టీని అతికింపుడని వెల్డింగు షెడ్డునకు తీసికొనిపోవుట కలదు. పెట్రోలంతయు పాఱబోసితిమి, ట్యాంకు ఖాళీగ నున్నది, భయము లేదని అనుకొందురు. నిజమునకు పెట్రోలు నిండుగనున్న ట్యాంకుకంటె, పెట్రోలు పాఱబోసిన ట్యాంకులో ప్రేలుడు భయము హెచ్చు. ద్రవరూపమున నున్న పెట్రోలు మండదు, మండునది దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి నూటికి సుమారు ఒకటిన్నర పాలునుండి ఏడున్నర పాళ్లవఱకు ఉన్నపుడు నిప్పురవ్వ తగిలిన ప్రేలును. 20 లీటర్ల ట్యాంకు అట్టి స్థితికి వచ్చుటకు ఎంత పెట్రోలు కావలెను? లెక్కవేసినచో ఇంచుమించు 2 మిల్లీలీటర్లు చాలును. అనగా అర చెంచాకంటె తక్కువ. రేకుల మడతలలో, తుప్పులో, జిగటలో అంతకంటె హెచ్చే దాగియుండును. పెట్రోలు సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలోను మండదగినంత ఆవిరిని విడుచునట్టిది. రాయలసీమ వేసవి యెండలో దాని సంగతి చెప్పనేల?

కావున వాడిన ట్యాంకును ఎవ్వరును ఇంటియొద్ద గాని, తెలియని షెడ్డులో గాని వెల్డింగు చేయింపరాదు. ఆవిరిని పూర్తిగ వెడలగొట్టి పరీక్షించు సాధనములు గలవారే ఆ పనికి అర్హులు. ట్యాంకును ఊడదీయు పనియు ఆరుబయట, నిప్పునకు దూరముగ జరుగవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. అది పైకి పోక నేలవెంట ప్రాకి, గుంటలలోను కాలువలలోను నిలుచును. దూరమున నున్న పొయ్యియే దానిని అంటింపవచ్చును. పంపుగల బండిలో మొదట బ్యాటరీ వైరును విప్పవలెను. పైపులో ఒత్తిడి మిగిలియుండునని యెఱిగి, గుడ్డ చుట్టి మెల్లగ ఊడదీయవలెను. పొరపాటున నిప్పంటుకొన్నచో నీళ్లు పోయరాదు. పెట్రోలు నీటిపై తేలి మంటను వ్యాపింపజేయును. ఇసుకయో, తగిన అగ్నిమాపక సాధనమో దగ్గఱ నుండవలెను.

చట్టము మాటయు తెలిసికొనదగును. 1988నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్దేశించిన వివరములకు భిన్నముగ బండిని మార్చుటకు యజమానికి స్వేచ్ఛ లేదు. బండి రంగు రిజిస్ట్రేషను పత్రములో వ్రాయబడియుండును. నల్లని బండికి ఎఱ్ఱని ట్యాంకు పెట్టినచో త్రోవలో అడుగు అధికారికి సమాధానము చెప్పవలసివచ్చును. పాత భాగమును కొన్నపుడు రసీదు తీసికొనుటయు అవసరమే. దొంగిలింపబడిన బండి ట్యాంకును తెలియక కొన్నవాడు తరువాత చిక్కులలో పడును.

ఇంతవఱకు చదివి, ట్యాంకును మార్చుటయే తప్పని ఎవరును అనుకొనవలదు. ఒకే తరపు ఒకే మాదిరి బండిలోనిది, అదే చట్రమునకు, అదే విధమైన పెట్రోలు పద్ధతికి తగినది దొరకినచో, నిపుణుడైన మెకానిక్కు దానిని అమర్చగలడు. భాగమునకు తయారీవారిచ్చిన సంఖ్యను పోల్చి చూచుట అన్నిటికంటె సులువైన మార్గము. సంఖ్య కలసినచో సందేహము లేదు. కలయనిచో పైన జెప్పిన అయిదు పరీక్షలలో ఒక్కదానియందు తప్పినను విడిచిపెట్టుటే వివేకము. పెద్ద ట్యాంకు కావలెనను కోరికను కూడ తూచి చూడవలెను. 20 లీటర్ల పెట్రోలు బరువు సుమారు 15 కిలోలు, 13 లీటర్లది 10 కిలోలకు లోపు. ఆ అయిదు కిలోల భేదము బండి పైభాగమున, సవారి చేతుల నడుమ నిలుచును. తిరుపతినుండి చిత్తూరునకు ఇంచుమించు 70 కిలోమీటర్లు, నడుమ పెట్రోలు బంకులు లేని త్రోవ గాదు.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు ఇంజనీర్లు కావచ్చును, కొందఱు మెకానిక్కులు కావచ్చును, తక్కిన వారందఱు బండ్లు నడుపువారు కాకతప్పదు. మీరు పాఠశాలలో నేర్చుకొను ద్రవపీడనము, సాంద్రత, బాష్పీభవనము, విద్యున్నిరోధము అను మాటలన్నియు ఒక్క పెట్రోలు ట్యాంకులో నివసించుచున్నవి. పరీక్ష వ్రాయుటతో వాని పని ముగియదు. ఏ అన్నయో, ఏ మేనమామయో మెఱయుచున్న ట్యాంకు నొకదానిని ఇంటికి తెచ్చి, ఇది మన బండికి సరిపోవును గదా అని అడిగిననాడు, దానిని మెల్లగ తలక్రిందులు చేసి అడుగు చూపుడు. వెల్డింగు మాట వచ్చినచో చేయి పట్టుకొని ఆపుడు.